వీరగల్లులును, పాఠశాల గోడలును

ఆలూరునకు ఆగ్నేయముగా, గుత్తినుండి పత్తికొండకు పోవు బాటకు చేరువను, ఎర్రగుడి యను గ్రామము కలదు. ఆ గ్రామము వెలుపల గుట్టమీది బండలపై అశోక చక్రవర్తి శాసనములు చెక్కబడియున్నవి. 1929 ప్రాంతమున ఒక భూగర్భశాస్త్రజ్ఞుడు వానిని కనుగొని లోకమునకు తెలుపువరకు, మన పసులకాపరులు ఎన్ని తరములుగా ఆ యక్షరములపై వెన్నానించి నిదురించిరో చెప్పజాలము. మేము మన పాఠశాల విద్యార్థులను పలుమారు అచ్చటికి తోడ్కొనిపోయియున్నాము. ఆ శాసనములలో నొకదానియందు కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, తరువాతివి కుడినుండి ఎడమకును నడచును. పండితులు దీనిని విశేషముగా వర్ణింతురు గాని, మన మెట్టపొలముల పిల్లలకు దానిని వివరింపవలసిన పని లేదు. “మడక మళ్లినట్లున్నది” అని మొదటి చూపుననే అందురు. శిష్యులు గురువులను గౌరవింపవలెనను ఆజ్ఞయు అచ్చటి చిన్న శాసనమున నున్నది. ఆ మాట వినిపించినపుడు మాత్రము వారు గుట్ట దిగుటకు త్వరపడుదురు.

అచ్చటి పదునాలుగు పెద్ద శాసనములలో పదుమూడవది కళింగయుద్ధమును గూర్చినది. ఆ యుద్ధమున లక్షమంది చంపబడిరనియు, లక్షయు నేబదివేలమంది చెరగొనిపోబడిరనియు, అంతకు అనేకరెట్లు జనులు మరణించిరనియు, అందుకు తాను మిగుల వగచుచున్నాననియు చక్రవర్తి స్వయముగా చెప్పుకొనెను. కళింగదేశమందలి ధౌలి, జౌగడ శాసనములలో ఈ పదుమూడవది లేదు. ఓడినవారి యెదుట చెప్పుటకు నోరు రాకపోయెనో, చెప్పుట తగదని తలచెనో గాని, ఆ మాటలను మన ఎఱ్ఱబండలపై చెక్కించెను. గెలిచిన రాజు చనిపోయినవారి లెక్కను రాతిపై నెక్కించి దుఃఖించుట చరిత్రలో అరుదు. ఐనను మేము ఆ బండ యెదుట నిలువబడినపుడెల్ల మాకు తోచునది యొకటి కలదు. లెక్క యున్నది, పేరు లేదు. లక్షమందిలో ఒక్కని పేరైనను లేదు.

ఈ విషయమును ఈ సంచికలో ప్రస్తావించుటకు కారణము చెప్పవలెను. సైన్యమున చేరి ప్రాణములు కోల్పోయిన మన పూర్వవిద్యార్థులకు పాఠశాల గోడపై ఒక స్మారకఫలకము నిలుపవలెనని కొందరు పాతవిద్యార్థులు ప్రధానోపాధ్యాయులవారిని కోరిరి. పేరులు సేకరించు పని మాకప్పగింపబడెను. పని చిన్నదనియే మేము తలచితిమి. పాత ప్రవేశపట్టికలు తీసి, నాలుగు జాబులు వ్రాసి, ఇద్దరు ముగ్గురు పెద్దలనడిగినచో పదిదినములలో ముగియునని యెంచితిమి. సంవత్సరము గడచినది. పేరుల జాబితా యింకను చిన్నదిగానే యున్నది గాని, దానిని గూర్చిన ప్రశ్నలు మాత్రము పెరిగినవి.

మొదట మన ప్రాంతపు అలవాటెట్టిదో చూడుడు. బళ్లారి, అనంతపురము, కర్నూలు, కడప సీమలలో ఊరిబయట చింతచెట్ల క్రిందను, పొలముగట్లపైనను, గుడి గోడల ప్రక్కను నిలువుటెత్తు రాళ్లు కనబడును. వీనిని వీరగల్లులందుము. సాధారణముగా ఒక రాతిలో మూడు అంతరువులుండును. క్రింది దానిలో కత్తియో బల్లెమో పట్టిన మనుష్యుడు పోరాడుచుండును. తరచుగా ప్రక్కన ఆవులుండును, ఏలయన ఆనాటి కయ్యములలో ఎక్కువభాగము పసులమందలను గూర్చినవే. నడిమి దానిలో దేవకన్యలు అతనిని మోసికొనిపోవుచుందురు. పైదానిలో అతడు శివలింగము నెదుట కూర్చుండియుండును. వ్రాతగల రాళ్లలో చనిపోయినవాని పేరును, ఎవరి కాలమున, ఏ పోరున చనిపోయెనో అదియు నుండును. ఇంతటితో ఆగక, అతని వారికి భూమి యిచ్చిన సంగతియు కొన్నిటియందు చెప్పబడును. కన్నడ శాసనములలో అట్టి మాన్యమునకు ‘నెత్తరుగొడగె’ యని పేరు. నెత్తురుకు బదులిచ్చిన నేలయని యర్థము.

ఈ రాళ్లలో రాజులకంటె ఊరి కాపులును, పసులవెంట పోయినవారును ఎక్కువగా కానవచ్చుట మాకు మిక్కిలి నచ్చిన సంగతి. వేయేండ్ల క్రిందట ఊరివారు తమ మనుష్యుని పేరు రాతిపై చెక్కించుట ధర్మమని యెరిగియుండిరి. నేడు ఆ లిపిని ఊరిలో నెవరును చదువలేరు. నూనె పూసి, కుంకుమ పెట్టి, దేవుడని మ్రొక్కుదురు. పేరు మరచినను మ్రొక్కు మిగిలినది. పల్నాటిలో దీనికి భిన్నముగా రాతికంటె నోరు ఎక్కువ పని చేసినది. పండ్రెండవ శతాబ్దియందు జరిగిన యుద్ధమున చనిపోయిన వీరులకు కారెంపూడిలో నేటికిని ఏటేట ఉత్సవము జరుగుచున్నది. వీరవిద్యావంతులు వారి కథను పేరుపేరున పాడుదురు.

ఇక మన తాతలనాటి సంగతి. 1914 మొదలు 1918 వరకు జరిగిన మహాయుద్ధములో మనదేశమునుండి పదిలక్షలకు పైగా జనులు సముద్రము దాటిరి. డెబ్బదినాలుగువేలమందికి పైగా తిరిగిరాలేదు. మదరాసు రాజధానినుండి సాపర్లు, పయొనీరు దళములు, బండ్లవాండ్రు, వంటవాండ్రు, కూలిపటాలములు మెసపొటేమియాకును తూర్పు ఆఫ్రికాకును పోయిరి. యుద్ధానంతరమున ప్రభుత్వమువారు నాటి మదరాసు రాజధానిలోను, దేశములోని ఇతరభాగములలోను అనేక గ్రామములలో చిన్న పాలరాతి పలకలు గోడలలో పొదిగించిరి. వానిలోని వాక్యము అన్నిచోట్లను దాదాపుగా ఒక్కటే: ఈ గ్రామమునుండి ఇంతమంది మహాయుద్ధమునకు పోయిరి, వారిలో ఇంతమంది ప్రాణములిచ్చిరి. ఖాళీలలో అంకెలు మాత్రము మారుచుండును. ఊరిలో వందయిండ్లున్నచోట ప్రాణమిచ్చిన ఇద్దరెవరో అందరెరుగుదురు గాన పేరు అక్కరలేదని తలచిరేమో. రెండు తరములు గడచిన తరువాత ఆ ఇద్దరెవరని అడిగినచో ఆ పలక బదులు చెప్పదు. వీరగల్లును నిలిపిన నేలలో అంకెల పలక వెలసినదన్నమాట.

ఇది పల్లెలకు మాత్రమే పట్టిన గతి కాదు. చనిపోయిన సైనికుల సమాధులను కాపాడుటకై 1917 లో స్థాపింపబడి, నేడు కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమని పిలువబడుచున్న సంస్థకు మొదటినుండి ఒక గొప్ప నియమము కలదు. హోదా, జాతి, మతము అను భేదములు లేక ప్రతివాని పేరును నిలుపవలెననుటయే అది. ఫ్రాన్సుదేశమునందలి నవ్ షపెల్ గ్రామమున 1927 లో నెలకొల్పిన స్మారకముపై నాలుగువేల యేడువందలకు పైగా భారతీయ సైనికుల పేరులు చెక్కిరి. సిపాయి పేరును సుబేదారు పేరును అచ్చట నున్నవి. కాని రెండేండ్ల తరువాత బస్రాలో నిలిపిన స్మారకమున ఇంగ్లీషు సైనికుల పేరులును, భారతీయ అధికారుల పేరులును చెక్కించి, సామాన్య భారతీయ సిపాయిలను పటాలమువారీగా ఇంతమందియని అంకెలతో సరిపెట్టిరి. ఐరోపాలో పదిమంది చూచుచోట పేరు. చూడవచ్చువారు లేని యెడారిలో అంకె. 2021 వ సంవత్సరమున ఆ సంఘమే విచారణ జరిపించి, తాను నియమము తప్పితినని బహిరంగముగా ఒప్పుకొని క్షమాపణ చెప్పెను. ఆ నివేదిక ప్రకారము భారతీయులు, ఆఫ్రికనులు మొదలగువారిలో 45,000 మొదలు 54,000 వరకు ఇతరులతో సమానముగా స్మరింపబడలేదు. మరి 1,16,000 మందికి తక్కువకాకుండ, బహుశః 3,50,000 వరకు, పేరుతో గాని అసలే గాని స్మరింపబడలేదు.

ఆ సంఘమువారి స్మారకశిలలపై చెక్కుటకు వాక్యమును ఎన్నుకొన్నవాడు రడ్యార్డ్ కిప్లింగు. అతని యేకైకపుత్రుడు 1915 లో లూస్ యుద్ధమున కనబడకుండ పోయెను. అతడెన్నుకొన్న వాక్యము మన ప్రొటెస్టెంటు బైబిలులో చేరని సీరా జ్ఞానగ్రంథములోని 44 వ అధ్యాయమునందలిది. వారి నామము ఎన్నటికిని నిలుచునని దాని భావము. ఆ వాక్యమునకు అయిదు వచనములకు పైననే, జ్ఞాపకమేమియు మిగులక, పుట్టనివారివలె పోయినవారిని గూర్చియు ఆ గ్రంథకర్త చెప్పెను. ఆ వచనమును ఎవరును రాతిపై చెక్కింపలేదు. బస్రాకు అదియే సరిపోయియుండెడిది.

పాఠశాలల విషయమునకు వత్తము. ఆ మహాయుద్ధానంతరమున ఇంగ్లండులో అనేక పాఠశాలలు తమ పిల్లల పేరులను గోడపై చెక్కించినవి. ఈటను పాఠశాల యొక్కటియే పదునొకండువందలమందికి పైగా పోగొట్టుకొనెను. ఆ పేరుల వరుసలు చదువుచు పోయినచో మాకు గర్వముకంటె భయము కలుగును. ఒక పాఠశాల అంతమంది పిల్లలను ఏమని చెప్పి పంపెను? ఏ పాఠములు చెప్పి పంపెను? ఉపాధ్యాయుడైనవాడు ఈ ప్రశ్నను దాటిపోరాదని మా అభిప్రాయము.

కాని ఆ దేశములోనే మా మనస్సునకు బాగుగా నాటిన స్మారకము మరియొకటి కలదు. ఆక్స్‌ఫర్డులోని న్యూ కాలేజి ప్రార్థనామందిరమున పెద్ద పట్టిక కాక, వేరొక చిన్న ఫలకమున్నది. అందున్నవి మూడే పేరులు. ఆ ముగ్గురును జర్మనులు. ఆ కళాశాలలో చదివి, స్వదేశమునకు తిరిగిపోయి, జర్మనీ పక్షమున పోరాడి చనిపోయినవారు. కళాశాల వారిని శత్రువులని తీసివేయలేదు. తన పిల్లలని చేర్చుకొనెను. శత్రువు పేరు గోడకెక్కుటను గూర్చి కొందరు గుసగుసలాడక మానియుండరు. ఐనను ఫలకము నిలిచినది. పాఠశాల అనునది సైన్యము కాదు. దానికి తన పట్టికలో పేరున్నవారందరును తనవారే.

ఈ మాట మనకు సంబంధింపదని తలపకుడు. 1942 మొదలు 1945 వరకు తెలుగువారు రెండు సైన్యములలోను నుండిరి. ఇక్కడినుండి పోయినవారు బర్మా సరిహద్దున ఇంగ్లీషువారి జెండా క్రింద పోరాడగా, మలయా తోటలకు పొట్టకూటికై పోయిన తమిళులతో పాటు తెలుగువారును నేతాజీ సుభాస్ చంద్రబోసుగారి జాతీయసైన్యమున చేరిరి. అదే మలయానుండి జపానువారు కూలీలను తోలుకొనిపోయి సయాము, బర్మాల నడుమ రైలుమార్గము వేయించిరి. ఆ మార్గమున చనిపోయిన తెల్లఖైదీలకు కాంచనబురిలో పేరు పేరునకు ఒక రాయి యున్నది. వారికంటె ఎన్నోరెట్లు ఎక్కువగా చనిపోయిన ఆసియా కూలీలకు పేరులు గల సమాధులే లేవు. ఒకే బడిలో ఒకే బల్లపై కూర్చున్న ముగ్గురు పిల్లలు, ఒకడు సాపరుగాను, ఒకడు బోసుగారి సైనికుడుగాను, ఒకడు రైలుకూలిగాను చనిపోయినచో, ఆ బడి గోడపై ఎందరి పేరులుండవలెను? ముగ్గురివియు నుండవలెనని మేము సంకోచము లేక చెప్పుదుము.

స్వాతంత్ర్యానంతరమున చనిపోయినవారి విషయమున దేశము ఈ కొరతను కొంతవరకు తీర్చినది. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25 న ఆవిష్కరింపబడిన జాతీయ యుద్ధస్మారకమున ఇరువదియైదువేలకు పైగా పేరులు, ఒక్కొక్కటి ఒక్కొక్క రాతిపలకమీద, చెక్కబడియున్నవి. మన తెలుగునాట విజయనగరమునకు చేరువనున్న కోరుకొండ సైనిక పాఠశాల 1962 లో పుట్టినది. అచ్చట చదివి, ఖడక్‌వాస్లా అకాడమీలో శిక్షణ పొంది, 2020 జూన్ 15 న గల్వాన్ లోయలో ప్రాణములర్పించిన కర్నల్ సంతోష్‌బాబుగారి పేరు తెలియని తెలుగు విద్యార్థి నేడు లేడు. ఆయనకు మహావీరచక్రము లభించెను. సరిగా సంవత్సరమునకు స్వస్థలమగు సూర్యాపేటలో విగ్రహము వెలసెను. మన సీమకు సంబంధించినంతవరకు, 2025 మే నెలలో సరిహద్దు కాల్పులలో నేలకొరిగిన అగ్నివీరుడు మురళీనాయక్ గోరంట్ల మండలములోని కళ్లితండావాడు. ప్రభుత్వమువారు ఆ కుటుంబమునకు ధనముతో పాటు అయిదెకరముల భూమి ప్రకటించిరి. పత్రికలో ఆ వార్త చదివినపుడు మాకు నెత్తరుగొడగె జ్ఞప్తికి వచ్చెను. వేయేండ్లైనను మన మెట్టసీమలో చావునకు కొలత నేలయే.

విగ్రహములు కొందరికే కట్టగలము. మిగిలినవారికి ఊరును బడియును దిక్కు. వానలు తప్పిన యేట మన ఆలూరు, ఆదోని, పత్తికొండ ప్రాంతముల కుటుంబములు మూటలు కట్టుకొని గుంటూరు మిరపచేలకు పోవుట ఈ పత్రిక చదువు తల్లిదండ్రులకు మేము చెప్పవలసినది కాదు. సైన్యము కూడ మన పిల్లలలో కొందరికి అట్టి వలసయే. కాకపోయిన జీతము నెలనెలకు వచ్చు వలస. పదవతరగతి ముగించి ఉదయమున చెరువుకట్టపై పరుగెత్తుచున్న కుఱ్ఱవాండ్రను చూచినపుడు వీరిలో దేశభక్తి యెంత, ఇంటి అప్పు ఎంత యని మేము తూచబోము. రెండును నిజమే. స్మారకఫలకములపై రెండవదానిని వ్రాయు ఆచారము లేదు, అంతే.

మా జాబితాలో మొదటి చిక్కు ఇక్కడనే వచ్చెను. ఫలకముపై ‘యుద్ధమున మరణించిన’ అని యుండవలెనని కొందరనిరి. ఆ మాట ప్రకారము ఒక పేరు పోవును. మన పూర్వవిద్యార్థి యొకడు ఉత్తరపు మంచుకొండలలో కావలిపనిలో నుండగా శ్వాస అందక మరణించెను. తుపాకి ప్రేలలేదు, శత్రువు కనబడలేదు. ఈ చర్చ ఎట్లు తెలిసెనో గాని, ఒకనాటి మధ్యాహ్నము అతని తల్లి కొంగున చెమట తుడుచుకొనుచు పాఠశాలకు వచ్చి మా తరగతి గుమ్మమున నిలువబడెను. కూర్చుండుమన్నను కూర్చుండలేదు. “సారూ, రాయిమింద పేర్లు రాపిస్తారంట గదా. గుండు తగిలి సచ్చినోల్లవేనంట. మావోడు సలికి సచ్చినాడు. ఆ సలి మనూరిది కాదు గదా సారూ, ఆడిదే గదా” అని మాత్రము చెప్పి, బదులు వినకయే వెడలిపోయెను. ఆమెకు శనగచేలో పని యుండెను.

మేము ఆ సాయంకాలమే పాత నియమములు వెదకితిమి. ఆమె మాటకు ఆధారము దొరకెను. యుద్ధసమాధుల సంఘమువారు మొదటి మహాయుద్ధమునకు 1914 ఆగస్టు 4 మొదలు 1921 ఆగస్టు 31 వరకును, రెండవదానికి 1939 సెప్టెంబరు 3 మొదలు 1947 డిసెంబరు 31 వరకును సైన్యసేవలో నుండి చనిపోయినవారినందరిని, మరణకారణమేదైనను, స్మరింతురు. గుండుదెబ్బ, జ్వరము, బండి బోల్తాపడుట, చలి యను విచక్షణ లేదు. దీనికి మనకు చేరువ ఉదాహరణమొకటి చెప్పవచ్చును. కొడగులో పుట్టి, బెంగుళూరు బిషప్ కాటన్ పాఠశాలలో చదివిన విలియం లీఫ్ రాబిన్సను 1916 సెప్టెంబరులో లండను మీదికి వచ్చిన జర్మను వాయునౌకను రాత్రివేళ కూల్చి విక్టోరియా క్రాసు పొందెను. అట్టివాడు చనిపోయినది యుద్ధము ముగిసిన తరువాత, 1918 డిసెంబరు 31 న, ఇన్‌ఫ్లుయెంజా జ్వరముచేత. అతని సమాధిని యుద్ధసమాధిగానే కాపాడుచున్నారు. రాబిన్సను జ్వరము లెక్కకు వచ్చినపుడు మన పిల్లవాని చలి ఏల రాదు? ఉపాధ్యాయుల సమావేశమున మేము ఈ మాటయే చెప్పితిమి. ఫలకముపై ‘సైన్యసేవలో మరణించిన’ అని యుండుటకు తీర్మానమైనది. ఒకరిద్దరు మౌనముగా నుండిరి; అంగీకారమనియే వ్రాసికొంటిమి.

రెండవ చిక్కు ధనమును గూర్చినది. రాతికి వెచ్చించు సొమ్ముతో ఇద్దరు బీదబాలికల పుస్తకములు, దుస్తులు గడచునని మా సహోపాధ్యాయులొకరు వాదించిరి. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. ఖడక్‌వాస్లా అకాడమీ చరిత్రయే వారి పక్షమున నిలుచును. తూర్పు ఆఫ్రికా పోరాటములలో సూడాను రక్షణకై భారతసైనికులు చేసిన త్యాగమునకు కృతజ్ఞతగా ఆ దేశము 1941 లో లక్షపౌనుల కానుక పంపెను. అది స్మారకము కొరకని వచ్చిన సొమ్ము. విభజనానంతరము మనకు వచ్చిన భాగముతో కట్టిన గొప్ప భవనమును నేటికిని సూడాన్ బ్లాకనియే పిలుచుచున్నారు. చచ్చినవారి పేరిట వచ్చిన ధనము బ్రతికినవారికి చదువైనది. మేము రెండును కావలెనంటిమి. రాయి చిన్నదైనను చాలును. విద్యార్థివేతనము ఏటేట నుండవలెను. ఆ వేతనమును అందుకొను బాలిక ఆ దినమున సభలో పేరులన్నియు చదువవలెను. కారెంపూడివారి పద్ధతియు వీరగల్లు పద్ధతియు కలిసినట్లగును. విద్యార్థివేతనము మాత్రమే యున్నచో పదియేండ్లకు అది యెవరి పేరిటిదో గుమాస్తాకైనను తెలియదు.

ఏ రాయియను ప్రశ్న మిగిలెను. బేతంచెర్ల నాపరాయి చవుక; అందుబాటులో నున్నది. కాని ఎండకు వానకు అది పొరలు పొరలుగా లేచును. మన తరగతిగదుల నేలలే సాక్ష్యము. పాలరాయి చూపునకు సొంపే గాని, అందులో నింపిన నల్లరంగు నాలుగేండ్లలో కారిపోవును. నల్లసేనపురాతిపై లోతుగా చెక్కించి, రంగు నింపకయే వదలుట మేలని మన ఊరి రాతిపనివారు చెప్పిరి. వ్రేలితో తడిమి చదువదగినంత లోతుండవలెనని మేము కోరితిమి. దానికి వారు అక్షరమునకు కొంచెము హెచ్చడిగిరి.

పేరుల వరుస అకారాదిగా నుండును. హోదా వ్రాయము. కులము వ్రాయము, ప్రవేశపట్టికలో దానికొక గడి యున్నది, అది అక్కడనే యుండుగాక. పుట్టినతేదియు వ్రాయము. ఇందుకు వేరే కారణము కలదు. మన పాత పట్టికలు తిరుగవేసినచో ఊరిపిల్లలలో సగముమంది జూలై 1 న పుట్టినట్లుండును. బడిలో చేర్చవచ్చిన తండ్రికి తేది తెలియదు. ‘పెద్దవాన కురిసిన యేడు’ అనియో, ‘ఎఱ్ఱయావు ఈనిన నెల’ యనియో చెప్పును. మాకు ముందటి ఉపాధ్యాయులు కలము ముంచి జూలై 1 అని వ్రాసిరి. పిల్లవాడు ఆ తేదితోనే సైన్యమున చేరును, ఆ తేదితోనే పింఛను కాగితములకెక్కును. ఒక గుమాస్తా సౌకర్యమును రాతిపై శాశ్వతము చేయుట మాకు సమ్మతము కాదు.

చలికి పోయిన పిల్లవాని విషయమున మాత్రము మరియొకటి తెలిసినది. పట్టికలోని పేరు ఒకటి, ఇంట పిలిచిన పేరు మరియొకటి. సైన్యపు కాగితములలో పట్టికలోని పేరే యున్నది. తల్లికి ఆ పేరు నోట తిరుగదు. రాతిపై ఏది యుండవలెనని మేము ఆమె యింటికి పోయి అడిగితిమి. చాలసేపు ఆలోచించి, బడి పేరే యుండనిండనెను. ఇంటి పేరు తనకు రాతిమీద చూచుకొను పని లేదనెను.

ఇప్పటికి మావద్ద నున్న పేరులు తక్కువ. ఈ సంచిక చదువు పాతవిద్యార్థులును, తల్లిదండ్రులును తమకు తెలిసినవారి వివరములు ప్రధానోపాధ్యాయులవారి పేర వ్రాసి పంపవలెనని కోరుచున్నాము. పేరు, తండ్రి పేరు, ఊరు, పటాలము, మరణించిన స్థలము, సంవత్సరము తెలిసినంతవరకు చాలును. పటాలము తెలియకున్నను పంపుడు. సైనికుడు కాక వంటవాడుగానో, మోతగాడుగానో, కూలిదళమునందో పోయినవారి పేరులును పంపుడు. పాతకాలపు వారిని యుద్ధసమాధుల సంఘమువారి పట్టికలలో కంప్యూటరుపై మీరే వెదకదలచినచో ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. మన ఆలూరు తాలూకా 1953 అక్టోబరు 1 న ఆంధ్రరాష్ట్ర మేర్పడువరకు బళ్లారి జిల్లాలో నుండెను. కావున ఆ పట్టికలలో కర్నూలు క్రింద వెదకినచో మనవారు దొరకరు. బళ్లారి క్రింద వెదకుడు.